సంపినవ్ పోవే!

బొంరాస్‌పేటలో ఇంట్లోకి పాము దూరితే దాన్ని ఎవరూ చంపరు, కొడతారు. ‘పామును కొట్టిండ్రు’ అన్నాక అది చచ్చిందా అని మళ్లీ అడిగేవాళ్లుండరు. పండుగకు యాటను కోస్తారు, తలలో పేనును కుక్కుతారు. ఇక కంది రైతు మాట వినాలి: ‘రెండుసార్లు మందు కొట్టినం, పురుగు సస్తలే.’ ఎంత ఒడుపైన వాక్యం! కొట్టేది మనిషి, చావాల్సింది పురుగు. నడుమ ‘చంపు’కు చోటే లేదు. ప్రాణం తీసిన బరువు ఎవరి నెత్తినా పడదు.

చంపడమనే అర్థమున్న ఇంగ్లిషు ‘స్లే’ పుట్టుక కూడా ఇలాంటిదే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిషులో ఆ క్రియకు తొలి అర్థం కొట్టడం. దాని జర్మన్ చుట్టం ‘ష్లాగెన్’ నేటికీ కొడుతూనే ఉంది. సంస్కృత ‘హన్’ ధాతువు మరీ చిత్రం: దెబ్బా అదే, వధా అదే. హత్య అందులోంచే వచ్చింది, యోగులు చెవి ఒగ్గే అనాహత నాదమూ అందులోంచే వచ్చింది. ఏ దెబ్బా తగలకుండా మోగేది కనుక అనాహతం. మన ‘కొట్టు’ కూడా తక్కువదేం కాదు. డప్పును కొడితే మోగుతుంది, పామును కొడితే చస్తుంది.

మరి ‘చంపు’ ఏం చేస్తున్నట్టు? వధ పనులన్నీ వేరే క్రియలకు వదిలేసి సరసాలాడుతోంది. పరిగి, కొడంగల్ నడుమ పల్లెల్లో అది ‘సంపు’. చకారం కరిగి సకారమయ్యేసరికి కత్తి మొన వంగిపోతుంది. తాండూరు కందిపప్పు మీద కొసరి కొసరి నెయ్యి వేసే మేనత్తతో ‘ఇగ సాలత్తా, సంపుతున్నవ్’ అంటాడు మేనల్లుడు. నవ్వలేక పొట్ట పట్టుకున్నవాడు ‘సంపకుర నాయినా’ అని వేడుకుంటాడు. అదే ‘మనసు సంపుకొని పోయిన’ అన్నప్పుడు వినండి. అవమానం దిగమింగి ఆ గడప తొక్కాడన్నమాట. నిజానికి చచ్చిందేమీ లేదు, అంతా లోపల బతికే ఉండి సలుపుతోంది.

న్యూయార్కు నల్లజాతి, లాటినో బాల్‌రూమ్ పోటీల్లో మెప్పుగా మారిన ‘స్లే’ ఇప్పుడు మన పిల్లల ఫోన్లలోకీ వచ్చింది. ముస్తాబైన స్నేహితురాలి ఫొటో కింద ఆ ఒక్క మాట పెడతారు. బాగానే ఉంది. కానీ బతుకమ్మ నాడు పట్టుచీర కట్టి వాకిట్లోకొచ్చిన పిల్లను చూసి ‘సంపినవ్ పోవే’ అంటారే, నాకు ఆ ‘పోవే’ మీద ప్రాణం. మెచ్చుకున్న నోటితోనే, దిష్టి తగలకుండా, అక్కణ్నించి తరిమేస్తుంది. ‘స్లే’కి ఆ తోక లేదు.