జాన్ బన్యన్ రచనల్లో రక్షణ, రక్షణ నిశ్చయం: ఇనుప పంజరంలోని మనిషి - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

విశ్వాసి తాను పొందిన రక్షణను తిరిగి కోల్పోగలడా? క్రైస్తవ వేదాంతంలో ఇది శతాబ్దాలుగా చర్చ జరుగుతున్న ప్రశ్న. 17వ శతాబ్దపు ఆంగ్ల రచయిత జాన్ బన్యన్ (1628-1688) ఈ ప్రశ్నను ముందు జీవితంలో అనుభవించి, తర్వాత కథగా మలిచాడు. నిజమైన విశ్వాసి చివరిదాకా నిలుస్తాడన్నది ఆయన నమ్మిన సిద్ధాంతం. అయినా ఆయన కథలో పతనమైనవారి చిత్రాలు అడుగడుగునా కనిపిస్తాయి. ఇది వైరుధ్యం కాదనీ, రక్షణకూ రక్షణ నిశ్చయానికీ మధ్య ఆయన పాటించిన భేదం నుంచి పుట్టిన కథనపద్ధతి అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇనుప పంజరంలోని మనిషి ఘట్టాన్ని ఇందుకు ప్రధాన ఆధారంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: జాన్ బన్యన్, రక్షణ, నిశ్చయం, నిరాశ, ఏశావు, రూపకకథ, క్రైస్తవ సాహిత్యం.

1. ఉపోద్ఘాతం:

యోహాను సువార్త 10వ అధ్యాయంలో క్రీస్తు తన గొఱ్ఱెలను తన చేతిలోనుంచి ఎవరూ లాక్కోలేరని అభయమిస్తాడు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయం మాత్రం, ఒకసారి వెలుగు పొంది తప్పిపోయినవారిని మళ్ళీ మారుమనస్సుకు తీసుకురావడం అసాధ్యమని హెచ్చరిస్తుంది. ఈ రెండు మాటలను ఎలా సమన్వయించాలన్న విషయంలో సంఘాలు విడిపోయాయి. 1547లో ట్రెంటు మహాసభ, నీతిమంతుడైనవాడు మరణకరమైన పాపం వల్ల కృపను కోల్పోతాడని నిర్ణయించింది. 1610లో అర్మీనియస్ అనుచరులు తమ అయిదో సూత్రంలో ఈ ప్రశ్నను మరింత పరిశీలనకు వదిలారు. 1618-19లో జరిగిన డోర్ట్ సభ దేవుడు ఎన్నుకొన్నవారు చివరిదాకా నిలుస్తారని తీర్మానించింది. 1646లో పూర్తయిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం కూడా ఇదే పక్షం వహించింది. అయితే ఆ ప్రమాణం పరిశుద్ధుల నిలకడకు 17వ అధ్యాయాన్నీ, రక్షణ నిశ్చయానికి 18వ అధ్యాయాన్నీ విడివిడిగా కేటాయించింది. రక్షణ చెదరదు గాని, రక్షణ పొందానన్న నిశ్చయం చెదరవచ్చు, సన్నగిల్లవచ్చు, చాలాకాలం దాకా అందకపోవచ్చు కూడా. బన్యన్ కథకు కావలసిన చోటు ఈ రెండు అధ్యాయాల మధ్య ఉన్న ఎడంలోనే ఉంది.

బెడ్‌ఫర్డ్ సమీపంలోని ఎల్‌స్టో గ్రామంలో పుట్టిన బన్యన్ పాత్రలకు మాట్లు వేసే వృత్తిలో జీవించాడు. అనుమతి లేకుండా బోధించినందుకు 1660 నుంచి 1672 వరకు చెరసాలలో గడిపాడు. ఆ కాలంలోనే 1666లో ఆత్మకథ 'గ్రేస్ అబౌండింగ్ టు ది చీఫ్ ఆఫ్ సిన్నర్స్' వెలువడింది. 'ది పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' మొదటి భాగం 1678లో వచ్చింది. తెలుగు క్రైస్తవ పాఠకులకు ఇది 'యాత్రికుని ప్రయాణము'గా పరిచితం. ఈ వ్యాసంలో పాత్రల, స్థలాల పేర్లను అర్థాన్నిబట్టి తెలుగులో ఇవ్వడం జరిగింది.

2. ఏశావు నీడ:

ఆత్మకథలో బన్యన్‌ను వేధించిన శోధన ఒక వ్యాపారపు మాట రూపంలో వస్తుంది. క్రీస్తును అమ్మివేయమని ఒక ప్రేరణ భోజన సమయంలోనూ, పనిలోనూ, పడకపైనా ఆయనను వెంటాడుతుంది. దాదాపు ఏడాదిపాటు ప్రతిఘటించి, ఒక ఉదయం అలసిన మనస్సుతో, వెళ్ళదలిస్తే వెళ్ళనీ అన్న ఆలోచనకు ఆయన లొంగిపోతాడు. ఆ క్షణం నుంచి హెబ్రీ పత్రిక 12వ అధ్యాయంలోని ఏశావు ఆయనను వదలలేదు. ఒక్క పూట కూటికి జ్యేష్ఠత్వపు హక్కును అమ్ముకొని, తర్వాత కన్నీళ్ళతో వెదకినా ఆశీర్వాదం పొందలేకపోయిన ఏశావు కథ తన కథేనని ఆయన భయపడ్డాడు.

ఈ భాగంలో బన్యన్ తన పాపాన్ని ఇతరుల పాపాలతో తూచి చూసుకొంటాడు. దావీదు చేసింది ఘోరమే, కాని అది ధర్మశాస్త్రానికి విరుద్ధం. పేతురు ప్రభువును ఎరుగనన్నాడు, కాని అమ్మలేదు. చివరికి తన పాపం యూదా పాపానికే దగ్గరగా ఉందని తేల్చుకొంటాడు. అనుభవజ్ఞుడైన ఒక వృద్ధ విశ్వాసి దగ్గర తాను క్షమాపణ లేని పాపం చేశాననిపిస్తున్నదని చెప్పగా, ఆ వృద్ధుడు తనకూ అలాగే తోస్తున్నదన్నాడు. విశ్వాసాన్ని బహిరంగంగా విడనాడి, 1548లో నిరాశలోనే మరణించిన ఇటలీ న్యాయవాది ఫ్రాన్సిస్కో స్పియెరా చరిత్ర చదివినప్పుడు అది పచ్చిపుండు మీద ఉప్పులా తోచిందని కూడా బన్యన్ చెప్పుకొన్నాడు.

ఆయనకు ఊరట కలిగించిన తీరు ఈ పరిశీలనకు ముఖ్యం. పొలంలో నడుస్తుండగా తన నీతి పరలోకంలో ఉందన్న భావం ఆయనకు స్ఫురిస్తుంది. ఆ నీతి క్రీస్తే కాబట్టి తన మనస్థితి బాగున్నంత మాత్రాన అది పెరగదు, చెడినంత మాత్రాన తరగదు. రక్షణకు ఆధారం తన మనస్సులో లేదన్న గుర్తింపే ఆయనను నిలబెట్టింది. ఇంతకాలమూ ఆయన చేసిన పొరపాటు తన మనస్సునే సాక్షిగా, న్యాయాధిపతిగా కూర్చోబెట్టడం. పన్నెండేళ్ళ తర్వాత అచ్చయిన కథలో పంజరంలోని మనిషిని అర్థం చేసుకోవడానికి ఈ గుర్తింపే తోడ్పడుతుంది.

3. పోయేవి, పోనివి:

రూపకకథలో బన్యన్ తన సిద్ధాంతాన్ని వాదంగా కాక వస్తువుల ద్వారా చెబుతాడు. కష్టపర్వతం మీది పొదరింట్లో క్రైస్తవుడు నిద్రపోగా చేతిలోని పత్రపుచుట్ట జారిపోతుంది. అది అతని జీవానికీ, గమ్యంలో అంగీకారానికీ నిశ్చయమని కథకుడే వివరిస్తాడు. క్రైస్తవుడు ఏడుస్తూ నడిచిన దారినే వెనక్కి నడిచి దాన్ని తిరిగి పొందుతాడు. ఇక్కడ పోయింది నిశ్చయం. యాత్రికుడు యాత్రికుడిగానే ఉన్నాడు.

అల్పవిశ్వాసి కథలో ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. ముగ్గురు దొంగలు అతనిపై పడి ఖర్చులకు ఉంచుకొన్న డబ్బు దోచుకొంటారు. అతని ఆభరణాలు మాత్రం వారికి దొరకవు. దారి పొడవునా బిచ్చమెత్తుకొంటూ నడిచినా అతడు ఆ ఆభరణాలను అమ్మడు. ఏశావులా అతడెందుకు అమ్ముకోలేదని ఆశాపూర్ణుడు అడుగుతాడు. ఏశావుకు విశ్వాసమే లేదనీ, అల్పవిశ్వాసికి కొద్దిపాటి విశ్వాసమైనా ఉందనీ, అది తనను తాను అమ్ముకోలేదనీ క్రైస్తవుడు జవాబిస్తాడు. ఆత్మకథలో రచయితను వేధించిన ఏశావు ప్రశ్నకు కథలో దొరికిన సమాధానం ఇది.

అర్థబోధకుని ఇంట్లో గోడ పక్కన మండే నిప్పు ఈ వరుసలో ముఖ్యమైన చిత్రం. ముందువైపు ఒకడు ఎడతెగకుండా నీళ్ళు చల్లుతుంటాడు, అయినా నిప్పు ఆరదు. గోడ వెనక్కి వెళ్ళి చూస్తే క్రీస్తు రహస్యంగా నూనె పోస్తుంటాడు. శోధనలో ఉన్నవాడికి తన ఆత్మలో కృప ఎలా నిలుస్తున్నదో చూడడం కష్టమని అర్థబోధకుడు చెబుతాడు. తెలుగు పాఠకులకు ఇక్కడ శ్రీవైష్ణవంలోని మర్కట, మార్జాల కిశోర న్యాయాలు గుర్తుకు రావడం సహజం. కోతిపిల్ల తల్లిని పట్టుకొంటుంది, పిల్లికూనను తల్లే పట్టుకొంటుంది. బన్యన్ సిద్ధాంతం రెండో దానికి దగ్గర. కాని ఒక తేడా ఉంది. తనను నోట కరచుకొన్నది తల్లేనని పిల్లికూనకు తెలుసు. నిప్పుకు ముందువైపు నిలిచినవాడికి నీళ్ళు మాత్రమే కనబడతాయి. కృప పట్టు సడలకపోయినా ఆ పట్టు తెలియకుండా పోవచ్చునన్నది బన్యన్ అదనంగా చూపినది.

4. ఇనుప పంజరం:

అదే ఇంట్లో, చీకటి గదిలో, ఇనుప పంజరంలో ఒక మనిషి తల దించుకొని కూర్చుని ఉంటాడు. ఒకప్పుడు తన దృష్టిలోనూ ఇతరుల దృష్టిలోనూ విశ్వాసాన్ని చక్కగా ప్రకటిస్తూ వర్ధిల్లినవాడినని చెప్పుకొంటాడు. మెలకువగా ఉండడం మానాననీ, కోరికల మెడ మీద పగ్గాలు వదిలేశాననీ, పరిశుద్ధాత్మను దుఃఖపెట్టాననీ, హృదయం కఠినమై ఇక పశ్చాత్తాపపడలేననీ అంటాడు. రక్షణ పోతుందనడానికి బన్యన్ ఇచ్చిన సాక్ష్యంగా ఈ ఘట్టాన్ని చదవడం సులభం. కథనాన్ని జాగ్రత్తగా గమనిస్తే అలాంటి నిర్ధారణకు చోటు లేదు.

మొదటిది, ఆ మనిషి తన గతాన్ని వర్ణించినప్పుడు పేర్కొన్నవి రెండు దృష్టులే: తనదీ, ఇతరులదీ. దేవుని దృష్టిలో తానేమిటో అతడు చెప్పలేదు. విశ్వాసాన్ని ప్రకటించేవాడన్న మాటలో విశ్వాసం ఉన్నదన్న హామీ లేదు. రెండోది, ఇలాంటివాడికి ఆశ లేదా అని క్రైస్తవుడు అడిగితే అర్థబోధకుడు తీర్పు చెప్పడు, అతడినే అడగమంటాడు. ఆ ఇంట్లోని ఇతర దృశ్యాలకు అర్థం చెప్పిన గురువు ఇక్కడ ఆ పని చేయలేదు. ఆశ లేదన్న మాట పంజరంలోని మనిషి నోటినుంచే వస్తుంది. దేవుడే తనను బంధించాడన్నదీ అతని వాంగ్మూలమే. మూడోది, చివర అర్థబోధకుడు ఈ మనిషి దుఃఖాన్ని గుర్తుంచుకొని హెచ్చరికగా నిలుపుకోమని చెబుతాడే గాని, అతడు చెప్పింది నిజమని ధ్రువీకరించడు.

ఆత్మకథతో కలిపి చూస్తే ఈ మౌనానికి అర్థం తెలుస్తుంది. తన మీద ఇదే తీర్పు చెప్పుకొన్న మనిషి ఒకడు తర్వాత బెడ్‌ఫర్డ్‌లో బోధకుడయ్యాడు. పంజరంలోని మనిషి మాటలు ఒకనాటి బన్యన్ మాటలకు చాలా దగ్గరగా ఉన్నాయి. ఆ మాటలు తన విషయంలో అబద్ధమయ్యాయని తెలిసిన రచయిత, మరొకడి విషయంలో అవి నిజమని ముద్ర వేయలేదు. అబద్ధమనీ అనలేదు. హెచ్చరిక బలం తగ్గకుండా, తీర్పును మాత్రం మనిషి చేతిలో పెట్టకుండా కథను ఆపాడు.

5. సందేహదుర్గం, తాళంచెవి:

పంజరానికి జతగా చదవవలసిన ఘట్టం సందేహదుర్గం. దారి తప్పిన క్రైస్తవుడినీ ఆశాపూర్ణుడినీ నిరాశాసురుడు బుధవారం ఉదయం నుంచి శనివారం రాత్రి వరకు చీకటికొట్టులో ఉంచి, కొట్టి, ఆత్మహత్య చేసుకోమని ప్రేరేపిస్తాడు. చివరికి క్రైస్తవుడు తన రొమ్ములో వాగ్దానమనే తాళంచెవి ఉందని గుర్తు తెచ్చుకొంటాడు. చెర తలుపులన్నీ దానికే తెరుచుకొంటాయి. ఇనుప గేటు తాళం మాత్రం చాలా గట్టిగా తిరుగుతుంది.

ఈ రెండు చెరలకూ పేరు నిరాశే. ఒకచోట తాళంచెవి మొదటినుంచీ ఉంది, గుర్తు లేదు. మరొకచోట వాక్యంలో తనకు ప్రోత్సాహమే లేదంటాడు పంజరంలోని మనిషి. అది అతని దగ్గర లేకనా, గుర్తు లేకనా అన్నది కథ చెప్పదు. ఇంకొక తేడా కూడా గమనార్హం. చెరలో క్రైస్తవుడికి పక్కన ఆశాపూర్ణుడున్నాడు, ఆత్మహత్య తలంపును వారించింది అతడే. పంజరంలోని మనిషి ఒంటరి. నిశ్చయం కోల్పోయినవాడికి తోటి విశ్వాసి ఎంత అవసరమో, ఆత్మకథలోని వృద్ధుడి జవాబు ఎంత ప్రమాదకరమో ఈ పోలిక తెలుపుతుంది.

6. ద్వారం పక్కన ఉన్న దారి:

ఆనందపర్వతాల కాపరులు యాత్రికులకు కొండవాలులో నరకానికి పోయే ఒక అడ్డదారి చూపిస్తారు. ఏశావులా జ్యేష్ఠత్వాన్ని, యూదాలా ప్రభువును అమ్మిన వేషధారులు, అననీయ సప్పీరాల వంటివారు అందులో పోతారంటారు. వారు కూడా యాత్రికుల్లాగే కనిపించి ఉంటారు కదా అని ఆశాపూర్ణుడు అడిగితే, చాలాకాలం అలాగే కనిపించారన్న జవాబు వస్తుంది. వారు వేషధారులన్నది సిద్ధాంతం చెప్పే మాట. చివరిదాకా ఎవరూ గుర్తించలేదన్నది కథ చెప్పే మాట. గ్రంథాంతంలో అజ్ఞాని స్వర్గద్వారం దాకా వచ్చి, చూపడానికి పత్రం లేక, అదే అడ్డదారిన పడవేయబడతాడు.

ఈ ముగింపులో బన్యన్ కథనానికి ఒక లోపం కూడా ఉంది. పంజరంలోని మనిషి విషయంలో పాటించిన సంయమనం అజ్ఞాని విషయంలో లేదు. తన మనస్సు మంచిదన్న ధీమాతో నడిచినవాడిని కథకుడు జాలి లేకుండా పంపేస్తాడు. అతిగా భయపడినవాడిని తీర్పు నుంచి తప్పించి, అసలు భయపడనివాడికి తీర్పు వేయడంలో రచయిత సొంత అనుభవం మొగ్గు కనిపిస్తుంది.

అయినా కథ ఒక పక్షానికే పరిమితం కాలేదు. విశ్వాసి పతనం కాగలడని నమ్మి, 1751లో ఆ విషయంపై ప్రత్యేకంగా రాసిన జాన్ వెస్లీ, అంతకుముందే 1743లో ఈ గ్రంథాన్ని సంక్షిప్తం చేసి ప్రచురించాడు. సిద్ధాంతంలో ఎదురుపక్షాన ఉన్నవాడు కూడా తన అనుచరుల చేతికి ఇవ్వదగిన పుస్తకమని భావించడం, నడిచేవాడి దృష్టి నుంచి చెప్పిన ఈ కథ విస్తృతికి నిదర్శనం.

7. ముగింపు:

* బన్యన్ దృష్టిలో నిజమైన విశ్వాసం నశించదు. అల్పవిశ్వాసి ఆభరణాలు, గోడ వెనుక నూనె ఇందుకు ఆధారాలు.
* నశించేది, మళ్ళీ దొరికేది నిశ్చయం. పత్రపుచుట్ట, సందేహదుర్గం ఈ భేదాన్ని నిలుపుతాయి.
* ఇనుప పంజరంలోని మనిషి రక్షణ కోల్పోయాడని కథ ధ్రువీకరించదు. అతని తీర్పు అతని మాటల్లోనే ఉంది. ఆ మాటలను నమ్మవలసిన అవసరం లేదని రచయిత ఆత్మకథ చూపుతుంది.
* సిద్ధాంతం దేవుని వైపు నుంచి మాట్లాడితే, కథ దారిలో ఉన్న మనిషి వైపు నుంచి మాట్లాడుతుంది. అందువల్ల నిలకడను నమ్మిన రచయిత కథలోనూ హెచ్చరికలు బలంగానే వినిపిస్తాయి.

రక్షణ పోతుందా అన్న ప్రశ్నను బన్యన్ పాఠకుడు సాధారణంగా వాదంలో గెలవడానికి అడగడు, తన గురించి భయపడి అడుగుతాడు. అలాంటివాడికి పంజరం చూపించి, దాని మీద తీర్పు రాయకుండా ముందుకు నడిపించడమే ఈ కథ చేసిన పని. నిరాశలో మనిషి తనమీద తాను చెప్పుకొనే తీర్పు తుది తీర్పు కాదన్న ఎరుక ఈ రచనల నుంచి పాఠకుడికి దక్కుతుంది.