గూడుబండి ఎక్కడ ఆపాలి

పామిడి వాళ్లకు పెన్న అంటే ఇసుకే. నంది కొండల్లో పుట్టి మా ఊరి పక్కనుంచే పోతుంది గానీ, ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో నడిచేది మనుషులే. సాయంత్రం ఆ ఇసుకలో కూర్చుని బొరుగులు తినడం నాకు చిన్నప్పటి అలవాటు. ఎండిన ఇసుకంటే భయం లేకుండా పెరిగాను.

నాలుగేళ్ల కిందట ఓ పాత ఓమ్నీ కొని, వెనక సీట్లు తీయించి, చెక్కలతో మంచం కొట్టించాం. దాని కింద ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు, గ్యాసు పొయ్యి, రాగిపిండి, ఊరుబిండి సీసా. ఇప్పుడు దీన్ని క్యాంపర్ వ్యాన్ అంటున్నారు. మా అవ్వ ఉంటే గూడుబండి అనేది. కదిరి తేరుకు పోయేవాళ్లు పడక, రొట్టెలు, ఎద్దులకు మేత అన్నీ అందులోనే వేసుకుని కదిలేవాళ్లట.

ఆ బండిలోనే కదిరి, పీలేరు మీదుగా తలకోన జలపాతానికి పోయాం. శేషాచలం కొండల్లోని శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉందది. 1989లో ఏర్పడిన ఈ ఉద్యానవనం 353 చదరపు కిలోమీటర్లు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా మాది. 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్ల కింద మా ఆవిడ చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. నాకు మాత్రం గిల్లతీగ మీంచి చూపు మరల్లేదు. తీగ అనడానికి నోరు రాదు, తొడంత లావున మెలికలు తిరిగి చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది. ఎర్రచందనం బెరడు తడిమితే మొసలి వీపు తడిమినట్టే.

చీకటి పడేలోగా అడవి దాటి బయటికొచ్చాం. దారి పక్కన ఓ వంక, తెల్లటి ఇసుక, పైన చెట్ల గొడుగు. మా పెన్నే అనిపించి బండి దింపేశాను. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగాడు.

"బండి గట్టుమీదికి తీయప్పా."

"చినుకే లేదు కదా పెద్దాయనా."

ఆయన జవాబు చెప్పకుండా చేతికర్రతో ఓ కానుగ మొదలు చూపించాడు. నా నడుమెత్తున, బెరడుకు చుట్టుకుని ఎండుగడ్డి, పుల్లలు, ఓ చిరిగిన సంచి. నీళ్లు అంతదాకా వచ్చి వదిలిపోయిన గుర్తు. బండి మారు మాట్లాడకుండా పైకి తీశాను. అర్ధరాత్రి దాటాక కొండ మీద ఎక్కడో కురిసిన వాన ఆ వంకలో ఎర్రగా దిగింది. తెల్లారి చూస్తే మేం ఆపిన చోట మోకాలి లోతు నీళ్లు.

ఆ కొండల పక్కగా పారే చెయ్యేరు మా పెన్నలోనే కలుస్తుంది. 2021 నవంబర్ 19న ఆ ఏరే అన్నమయ్య డ్యాం కట్టను తెంచుకుని కింది ఊళ్ల మీద పడింది. వ్యాన్ కట్టించుకునేవాళ్లు ఫ్రిజ్ గురించి, లైట్ల గురించి నన్ను అడుగుతుంటారు. బండి ఎక్కడ ఆపాలని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నా దృష్టిలో ఈ పనిలో నేర్చుకోవాల్సిన అసలు విద్య అదే.

కార్తీకంలో తలకోన పోయేవాళ్లు చాలామంది ఉంటారు, అవి వానలు పడే రోజులే. బండి ఆపే ముందు దిగి, చుట్టూ చెట్ల మొదళ్లు చూడండి. గడ్డి ఏ ఎత్తున చిక్కుకుని ఉందో, దానికి పైనే పడక వేయండి.