ఎర్రదుమ్ములో ఫ్యాన్ లేని కార్డు

ఎండాకాలం బత్తలపల్లె చుట్టుపక్కల ఏ కంప్యూటర్ కేబినెట్ మూత తీసినా ముందు కనిపించేది ఎర్రదుమ్మే. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ రెక్కల అంచుల మీద అది గట్టిగా పట్టి ఉంటుంది. ఫ్యాన్ విప్పితే కింద అల్యూమినియం పలకల సందులన్నీ మట్టితో, నూలు పీచుతో పూడిపోయి ఉంటాయి. ఫ్యాన్‌ను వేలితో తిప్పి వదిలితే అరచుట్టు తిరిగి ఆగిపోతుంది. బేరింగులో నూనె ఎండిపోయి, దుమ్ము దాని చోటు ఆక్రమించింది. చిప్పుకు ఏమీ కాలేదు, మెమరీకి ఏమీ కాలేదు. కార్డు మొత్తానికి కదిలే భాగం అదొక్కటే. ముందుగా పాడయ్యేదీ అదే.

ఈ నేలకు గాలి కొత్త కాదు. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఊరికే కాదు. ఆ గాలే వాన పడని చేల మట్టిని లేపుకొచ్చి ఇళ్లలో పోస్తుంది. ఇలాంటి చోట నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిరిగే ఫ్యాన్ పెట్టడమంటే, దుమ్మును పిలిచి మరీ యంత్రం గుండెలోకి ఊదించడమే. అందుకే ఫ్యాన్ లేకుండా కార్డు నడిపే విద్య నిశ్శబ్దం కోరేవాళ్ల ముచ్చట మాత్రమే కాదని, మన మెట్టప్రాంతానికి నిజంగా అక్కరకొచ్చేదని నా నమ్మకం.

ఒకప్పుడు గ్రాఫిక్స్ కార్డుకు ఫ్యాన్ అనేదే లేదు. 1996లో వచ్చిన త్రీడీఎఫ్ఎక్స్ వూడూ కార్డు మీద చిప్పులు బోడిగానే ఉండేవి. వేగం పెరిగింది, వేడి పెరిగింది, ఫ్యాన్ వచ్చి కూర్చుంది. 2003లో ఎన్విడియా తెచ్చిన ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా ఎంత రొద పెట్టిందంటే, చివరికి ఆ కంపెనీయే తన కార్డును ఆటపట్టిస్తూ వీడియో తీసింది. ఆ కాలంలోనే నిశ్శబ్దంగా నడిచే కంప్యూటర్ కోసం తపించే పనివాళ్లు ప్రపంచమంతటా తయారయ్యారు. కొరియాకు చెందిన జాల్‌మన్ వేడి గొట్టాలతో ఫ్యాన్ అక్కర్లేని కూలర్లు చేసింది. స్విస్ కంపెనీ ఆర్కిటిక్ తెచ్చిన యాక్సెలెరో ఎస్1 కూలర్‌ను ఎందరో తమ కార్డులకు సొంత చేతులతో బిగించుకున్నారు. ఇప్పటికీ ఆ విద్య బతికే ఉంది.

ఫ్యాన్ పీకేసినంత మాత్రాన ఆ విద్య వచ్చినట్టు కాదు. చిప్పులో పుట్టిన వేడి గదిలోకి చేరేదాకా దానికి దారి వెయ్యాలి. ఆ దారి గోరంత చోట మొదలవుతుంది. పాత కూలర్ వెనక స్ప్రింగులున్న నాలుగు మరలు తిప్పి ఎత్తితే, చిప్పు నుంచి వేడిని కూలర్‌కు దాటించే పేస్టు సుద్దలా పొడిబారి రాలుతుంది. స్పిరిట్‌తో తుడిచి, కొత్త పేస్టు కందిగింజంత పెట్టి, మరల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఒకే మరను చివరిదాకా బిగిస్తే ఒక పక్క సందు మిగిలిపోతుంది. వెంట్రుకంత సందు చాలు, అందులో చేరిన గాలి వేడికి అడ్డుగోడ అవుతుంది. అల్యూమినియం వేడిని మోసే తీరుతో పోలిస్తే గాలి వేల రెట్లు తక్కువది. చిప్పు ఒక్కదానికే చల్లదనం ఏర్పాటు చేసి, పక్కనున్న మెమరీ చిప్పుల్నీ, కరెంటును సర్దే భాగాల్నీ మరిచిపోవడం అందరూ చేసే పొరపాటు. ఫ్యాన్ ఉన్నప్పుడు వాటికీ కాస్త గాలి తగిలేది. ఇప్పుడు వాటికి విడిగా చిన్న చిన్న హీట్‌సింకులు, అంటే వేడిని గాలిలోకి వదిలే లోహపు పలకలు, అంటించాలి.

అక్కడి నుంచి వేడిని దూరం తీసుకెళ్లేవి రాగి గొట్టాలు. చూడ్డానికి గట్టి కడ్డీల్లా ఉన్నా లోపల బోలు. గాలి తీసేసి కొంచెం నీరు పోసి మూసేస్తారు. లోపల ఒత్తిడి చాలా తక్కువ కాబట్టి నీరు తక్కువ వేడికే ఆవిరై, చల్లని కొసకు పరిగెత్తి, అక్కడ మళ్లీ నీరై, గొట్టం గోడకున్న సన్నని పొర వెంట వెనక్కి పాకుతుంది. ఎక్కడా మోటారు లేదు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో 1963లో జార్జి గ్రోవర్ దీన్ని చేసి చూపించాక అంతరిక్ష నౌకల్లోకీ, తర్వాత మన బల్ల మీదికీ వచ్చింది.

చివరి పని పలకలది. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఫ్యాన్ కోసం చేసిన హీట్‌సింక్‌లో పలకలు రెండు మిల్లీమీటర్ల ఎడంలో దగ్గర దగ్గరగా ఉంటాయి. ఊదేవాళ్లు లేకపోతే అంత ఇరుకులో గాలి కదలదు. గాలి తనంతట తాను ఎక్కాలంటే ఎడం దాదాపు సెంటీమీటరు దాకా ఉండాలి, పలకలు నిలువుగా నిలబడాలి. మామూలు కేబినెట్‌లో కార్డు అడ్డంగా, ముఖం కిందికి పెట్టి వేలాడుతుంది. వేడి దాని కడుపులోనే చిక్కుకుంటుంది. కేబినెట్‌ను పక్కకు పడుకోబెడితే కార్డు నిలువుగా నిలుస్తుంది. అప్పుడు పైకి వచ్చిన పక్క జాలీ ఉండాలి, కింది నుంచి గాలి వచ్చే దారీ ఉండాలి. మన పాత మిద్దె ఇళ్ల కప్పులో గవాక్షి చేసిన పని ఇదే. వేడెక్కిన గాలి పైనుంచి పోతుంటే, గడప దగ్గరి చల్లగాలి దానంతటదే లోపలికి వచ్చేది. పలకలకు నలుపు రంగు కూడా అందం కోసం కాదు. నునుపుగా మెరిసే అల్యూమినియం కంటే నల్లబరచింది కిరణాల రూపంలో వేడిని ఎన్నో రెట్లు ఎక్కువగా విడుస్తుంది. ఫ్యాన్ లేనప్పుడు ఆ వాటా లెక్కలోకి వస్తుంది.

ఇక లెక్క. చలిదేశంవాళ్ల కొలతల్ని మన దగ్గర నమ్ముకోకూడదు. వాటుకు 0.6 డిగ్రీ చొప్పున వేడెక్కే హీట్‌సింక్ ఉందనుకుందాం. కార్డు 75 వాట్లు తాగితే 45 డిగ్రీలు ఎక్కుతుంది. జనవరి రాత్రి గది 20, కేబినెట్ లోపలి అదనం 8, మొత్తం 73 డిగ్రీలు. దర్జాగా నడుస్తుంది. అదే మే నెల మధ్యాహ్నం గది 42 అయితే మొత్తం 95. చిప్పు తన వేగాన్ని తానే తగ్గించుకునే చోటది. పక్కనున్న కెపాసిటర్లకైతే ఇంకా చేటు. పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ వాటి ఆయుష్షు సుమారు సగమవుతుంది.

దీనికి మందు కార్డులోనే ఉంది. చిప్పు ఖర్చు వోల్టేజీ వర్గాన్ని బట్టి, వేగాన్ని బట్టి ఉంటుంది. రెండూ పది శాతం చొప్పున తగ్గిస్తే ఖర్చు దాదాపు 27 శాతం పడిపోతుంది. పనిలో పోయేది మహా అయితే పది శాతం. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో చాలా కార్డుల్లో ఇది అరగంట పని. 75 వాట్లది 55కు దిగితే, మే నెలలోనూ 83 డిగ్రీల దగ్గర ఆగుతుంది. పరీక్ష మాత్రం తెల్లవారుజామున పెట్టకండి. కేబినెట్ మూత వేసి, మిట్టమధ్యాహ్నం, ఫర్‌మార్క్ లాంటి పరీక్షను అరగంటపాటు నడిపి అప్పుడు డిగ్రీలు చూడండి.

ఎవరికి ఇది? ధర్మవరంలో పట్టుచీర అంచుకు కంప్యూటర్ మీద డిజైను గీసేవాళ్లకు 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 అక్కర్లేదు. 30 వాట్ల జీటీ 1030 చాలు. 2017లో వచ్చిన ఆ కార్డును చాలా కంపెనీలు ఫ్యాన్ లేకుండానే అమ్మాయి. కరెంటు పోతే యూపీఎస్ మీద ఇంకొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది కూడా. రోగి గదిలో ఫ్యాన్ దుమ్మునూ క్రిములనూ చెదరగొట్టకూడదని వైద్యరంగానికి ఫ్యాన్ లేని కంప్యూటర్లు ప్రత్యేకంగా తయారుచేస్తారు. పెద్ద ఆటలు ఆడేవాళ్లు, రెండు వందల వాట్ల కార్డు ఉన్నవాళ్లు ఈ జోలికి రాకపోవడమే మంచిది. వాళ్లకు నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యానే సరైన దారి.

ఫ్యాన్ లేకుండా ఎంత పని చేయించవచ్చన్న గీత కూడా ఏటికేడు జరుగుతోంది. 2016లో జీటీఎక్స్ 1060 చేసిన పనికి 120 వాట్లు కావాల్సి వచ్చింది. 2024లో తైవాన్ కంపెనీ పాలిట్ తెచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 కామ్‌ఎక్స్ అంతకంటే ఎక్కువ పని 70 వాట్లలో, ఒక్క ఫ్యాన్ కూడా లేకుండా చేస్తుంది. పాత సామాను కొట్లో కార్డు ఏరుకునేవాళ్లు ముందు దాని అంచు చూడాలి. అదనపు కరెంటు తీగ పెట్టే సాకెట్ లేదంటే అది మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్లకు మించి తాగదు. ఫ్యాన్ విప్పే ఆలోచన అలాంటి కార్డుతోనే మొదలుపెట్టండి.