సైర్‌కు ఏమైందో చెప్పను

రాజు జారోట్ కన్నుమూయగానే గాలిఫార్ సింహాసనం కోసం ఆయన పిల్లలు కత్తులు దూశారు. వాళ్లు పోయారు, వాళ్ల పిల్లలూ పోయారు, యుద్ధం మాత్రం వందేళ్లు సాగింది. ముక్కలైన ఐదు రాజ్యాల్లో సైర్ ఒకటి. 994వ సంవత్సరంలో అది ఒక్క రోజులో నాశనమైపోయింది. బూడిదరంగు పొగమంచు దాని సరిహద్దుల దాకా పాకి, అక్కడే గోడలా నిలిచిపోయింది. ఆ మంచు లోపల శవాలు కుళ్లవు, గాయాలు మానవు. ఎవరో ఎప్పుడో ప్రయోగించిన మంత్రాలు ప్రాణం వచ్చి తిరుగుతుంటాయి. ఎవరి పని ఇది? ఎవరికీ తెలియదు. రెండేళ్లకు మిగిలినవాళ్లు థ్రోన్‌హోల్డ్‌లో కూర్చుని సంధి చేసుకున్నారు.

ఇది ఎబెరాన్ అనే ఊహాలోకపు చరిత్ర. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు కొత్త లోకం కావాలని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 2002లో పోటీ పెట్టింది. దాదాపు 11 వేల ప్రతిపాదనలు వస్తే కీత్ బేకర్ పంపింది నెగ్గి, 2004లో పుస్తకంగా వచ్చింది. సైర్‌కు ఏమైందో మాత్రం ఏ పుస్తకంలోనూ తేల్చలేదు. తేల్చకూడదన్నదే ఆ లోకాన్ని కట్టినవాళ్ల నిర్ణయం. ఎవరి టేబుల్ దగ్గర ఆట నడుస్తుంటే ఆ డంజన్ మాస్టర్ ఏది అనుకుంటే అదే నిజం. 2019లో కొత్త నియమాలకు తగ్గట్టు ఎబెరాన్‌ను మళ్లీ అచ్చువేసినప్పుడూ ఈ పద్ధతి మార్చలేదు.

ఆడనివాళ్ల కోసం ఒక మాట. డంజన్ మాస్టర్ (పొట్టిగా డీఎం) అంటే కథ నడిపే మనిషి. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ఏం చేయాలో నిర్ణయించుకుంటారు, డైస్ వేస్తారు. వాళ్లకు ఎదురయ్యే లోకమంతా డీఎం నోటి నుంచే వస్తుంది. నేను ఎబెరాన్‌లో ఆట నడుపుతాను కాబట్టి కొత్తగా డీఎం అయినవాళ్లు తరచూ నన్నొకటి అడుగుతారు: మన లోకంలో ఏది చెప్పాలి, ఏది దాచాలి?

నేను వాళ్లకు చెప్పే కొలత ఒక్కటే. ఆ జవాబు బయటపడితే లోకంలో ఏం కూలుతుందో చూడండి. ఏమీ కూలకపోతే దాచకండి, చెప్పేయండి. పూటకూళ్లింటి యజమానిని ఎవరు చంపారో దాచి సాగదీస్తే ఆడేవాళ్లను విసిగించడమే అవుతుంది. ఏదో కూలేట్టుంటే మాత్రం ఆ ప్రశ్నను ప్రాణంలా కాపాడుకోవాలి.

సైర్ విషయంలో కూలేది శాంతి. యుద్ధం ఆగింది మంచితనం వల్ల కాదు, భయం వల్ల. రేపు మన రాజధానికి కూడా ఇదే జరగొచ్చన్న భయం. అది ఒక ఆయుధం చేసిన పని అని తేలితే, మర్నాడే ప్రతి రాజూ ఆ ఆయుధం కోసం మనుషుల్ని పంపుతాడు. ఇంకెప్పుడూ జరగని ప్రమాదమని తేలితే, సంధిపత్రం చించేసి సైన్యాన్ని కదుపుతాడు. తెలియకపోవడం మీదే ఆ లోకం నిలబడి ఉంది. ఇంత బరువు మోసే ప్రశ్న ఊహాసాహిత్యంలో నాకు మరొకటి కనిపించలేదు.

దగ్గరగా వచ్చేది పాత్‌ఫైండర్ ఆటలోని గొలేరియన్ లోకం. అక్కడ అరోడెన్ మనుషుల దేవుడు. 4606లో తిరిగి వస్తాడని జోస్యం. రాలేదు, చనిపోయాడు. ఎలాగో చెప్పలేదు. ఆ చావుతో ఆగని తుఫాను పుట్టింది, రాక్షసలోకానికి దారి తెరుచుకుంది, అప్పటినుంచి జోస్యాలు ఫలించడం మానేశాయి. చివరిది నాకు చాలా ఇష్టం. జోస్యం చెల్లని లోకంలో రేపు ఏమవుతుందో దేవుళ్లకూ తెలియదు గనుక, టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్లు చేసే పనికి విలువ వస్తుంది.

ఎబెరాన్‌లోనూ గొలేరియన్‌లోనూ దాచింది కారణాన్ని ఒక్కదాన్నే. పర్యవసానాలు మాత్రం తేదీతో, హద్దులతో, శరణార్థుల శిబిరాలతో సహా పక్కాగా రాశారు. కారణంతో పాటు పర్యవసానాన్ని కూడా మసకగా వదిలేస్తే అది రహస్యం కాదు, రాయకుండా వదిలేసిన పేజీ.

కారణాన్ని దాచినప్పుడు సాక్షిని ఎలా వాడాలో తెలియాలంటే 2002లోనే వచ్చిన మారోవిండ్ అనే వీడియో గేమ్ ఆడాలి. ఎల్డర్ స్క్రోల్స్ వరసలో మూడోది. తొలియుగం 700లో, ఎర్రకొండ యుద్ధం జరుగుతుండగా డ్వెమర్ అనే జాతి మొత్తం మాయమైపోయింది. వాళ్ల ప్రధాన శిల్పి కాగ్రెనాక్, చనిపోయిన దేవుడి గుండె మీద తాను చేసిన పనిముట్లు ప్రయోగించాడంటారు. దేవుళ్లయ్యారా, చచ్చిపోయారా, ఇంకెక్కడికైనా వెళ్లారా? వాళ్ల నగరాల్లో ఇప్పటికీ ఆవిరి గొట్టాలు బుసకొడుతుంటాయి, యంత్రాలు కాపలా తిరుగుతుంటాయి. ఆ యుద్ధం గురించి ఆటలో దొరికే పుస్తకాలు ఒకదానితో ఒకటి ఏకీభవించవు. ఆలయం చెప్పేది ఒకటి, బూడిదనేలల్లో తిరిగే తెగలు చెప్పుకునేది మరొకటి. ఆ నేల మీద పూజలందుకునే ముగ్గురు దేవుళ్ల శక్తీ అదే గుండె నుంచి వచ్చింది. ఆ రోజు ఏం జరిగిందో ఆట తానే తీర్పు చెప్తే ఒక మతం నిజమై, మిగతావి అబద్ధాలైపోతాయి.

ఆ ఆటలో ఒక్క డ్వెమర్ బతికే ఉన్నాడు. ఒక మాంత్రికుడు ఉండే టెల్ ఫిర్ అనే బురుజు అడుగున, రోగంతో ఉబ్బిపోయిన దేహంతో కూర్చుని ఉంటాడు. పేరు యాగ్రమ్ బాగార్న్. ఎదురుగా నిలబడి నేరుగా అడగొచ్చు. ఆయనకూ తెలియదు. ఆ రోజు ఆయన వేరే లోకంలో ఉన్నాడు, తిరిగి వచ్చేసరికి తనవాళ్లు లేరు. సాక్షిని తెచ్చి ముందు కూర్చోబెట్టి, అతనికి తెలియకపోవడానికి నమ్మదగిన కారణం చూపించడం పెద్ద పనితనం. మనం మోసపోయామనుకోం, అతని ఒంటరితనం చూసి మాట రాదు. 2011లో వచ్చిన స్కైరిమ్‌లో ఆర్నియెల్ గేన్ అనే పండితుడు ఆ పనిముట్లలో ఒకదానితో అదే ప్రయోగం చేయబోయి మన కళ్లముందే మాయమవుతాడు. ప్రయోగం చేసి చూపించాక కూడా వాళ్లెక్కడికి వెళ్లారన్నది అలాగే ఉంది.

నా టేబుల్ సంగతికొస్తాను. మా ఆటలో సైర్ నుంచి పారిపోయి వచ్చిన ఒక తల్లి ఉంది, కొడుకు ఆ మంచులో ఉండిపోయాడు. ఆ పాత్ర ఆడే స్నేహితురాలు కొడుకు కోసమే మిగతావాళ్లను లోపలికి తీసుకెళ్లింది. అక్కడ వాళ్లకు ఒక పరిశోధకుడి డైరీ దొరికింది. చివరి రాత సైర్ చివరి రోజుది. అందులో రాసింది నిజమా, ఆ మనిషి అనుకున్నదా అన్నది నేను తేల్చుకోలేదు, తేల్చుకోను కూడా. బయటికి తీసుకెళ్దామని ఇద్దరు పట్టుబట్టారు. ఆమె ఒప్పుకోలేదు. “ఇది నిజమైతే ఆయుధం తయారుచేస్తారు. అబద్ధమైతే భయం పోతుంది. ఏదైనా మళ్లీ యుద్ధమేరా” అంది. అర్ధరాత్రి దాటేదాకా వాదించుకున్నారు. నేను నోరు తెరవలేదు. చివరికి డైరీ తగలబెట్టారు.

కాల్చేముందు ఒక పేజీ చింపి దాచుకున్నానని ఆమె నాకొక చీటీ రాసి జరిపింది. మిగతావాళ్లకు తెలియదు. బ్రెలాండ్ రాజ్యంలో తలదాచుకుంటున్న సైర్ యువరాజు ఓర్గెవ్‌కు ఎలాగో కబురు అందింది. వచ్చే ఆటలో ఆయన మనుషులు తలుపు తడతారు.