ఇచ్చిందేమిటి? పుచ్చుకున్నదేమిటి?
(1934 సింహళ యాత్రపై ఒక పరిశీలన)

రెండేళ్ళ కిందట మా పట్టణంలోని ఒక ప్రైవేటు బడివాళ్ళు కొంతమంది పిల్లల్ని సాంస్కృతిక వినిమయం పేరుతో విదేశం తీసుకువెళ్ళారు. వెంట వెళ్ళిన తెలుగు పంతులు నాకు మిత్రుడు. తిరిగి వచ్చాక "ఏం చూశారు మాస్టారూ?" అని అడిగాను. ఆల్బం తెచ్చి చూపించాడు. కూచిపూడి దుస్తుల్లో పిల్లలు, శాలువాలు, జ్ఞాపికలు, చేతులు కలుపుతున్న పెద్దలు. "వాళ్ళ పాట ఒక్కటైనా మన పిల్లలకు పట్టుబడిందా?" అన్నాను. "దానికి టైమెక్కడిదండీ!" అన్నాడు.

ఈ జవాబు విని నవ్వుకోవడం తేలిక. కాని తప్పు ఆయనది మాత్రమే కాదు. అనువాదాల మీద, ప్రభావాల మీద ఎంతో చర్చించిన మన విమర్శ, ఒక ఉపాధ్యాయుడు శిష్యుల్ని వెంటబెట్టుకుని సరిహద్దు దాటితే ఆ పనిని దేనితో కొలవాలో చెప్పలేదు. అలాంటి కొలత కోసం ఒక ప్రసిద్ధమైన ఉదాహరణను తీసుకుంటున్నాను. అది 1934లో రవీంద్రనాథ్ ఠాగూర్ విశ్వభారతి బృందంతో చేసిన సింహళ యాత్ర.

అప్పటికి ఠాగూర్‌కు 73 ఏళ్ళు. శాంతినికేతన్ విద్యార్థులు, అధ్యాపకులు కలిసిన బృందం 'శాపమోచన్' నృత్యనాటకాన్ని కొలంబోలోను, ఇతర పట్టణాలలోను ప్రదర్శించింది. పాటలన్నీ బెంగాలీలో. ప్రేక్షకులు సింహళులు, తమిళులు. మరి వాళ్ళకేం అర్థమయింది?

ఇక్కడ వస్తువు ఎంపికను గమనించాలి. 'శాపమోచన్' కథకు మూలం బౌద్ధుల కుశ జాతకం. సింహళ సాహిత్యంలో 13వ శతాబ్దపు మహాకావ్యం 'కవ్‌సిళుమిణ'కు మూలం కూడా ఆ జాతకమే. అంటే ఠాగూర్ వాళ్ళకు తెలియని కథ మోసుకుపోలేదు. వాళ్ళ ఇంట్లో ఉన్న కథనే తన గొంతుతో చెప్పాడు. ఆ కథలో రాణి చీకటిలో రాజు గానాన్ని ప్రేమిస్తుంది. వెలుతురులో అతని కురూపాన్ని చూసి పారిపోతుంది. చివరికి ఆ రూపాన్ని అంగీకరించడంతోనే ఆమె ప్రేమ నిజమవుతుంది. పరదేశంతో పరిచయానికి ఇంతకంటే సరయిన పాఠం లేదు. వేదిక మీద మిరుమిట్లు గొలిపే దీపాల కింద కనిపించేది ఆ దేశపు ముఖం కాదు. ముఖం చూడాలంటే వేదిక దిగాలి.

అయితే ఈ యాత్రను కీర్తించి ఊరుకోవడం విమర్శ కాదు. దీని ఆర్థిక పునాదిని కూడా చూడాలి. ఆ సంవత్సరాలలో ఠాగూర్ చేసిన ప్రదర్శన యాత్రలు చాలావరకు విశ్వభారతికి విరాళాల కోసం చేసినవే. ఆ వయసులో కవి ఊరూరా తిరిగి నిధులు పోగుచేయడం చూడలేక 1936లో గాంధీ ఒక దాత నుంచి 60,000 రూపాయలు ఇప్పించాడు. విద్యను వలస ప్రభుత్వం ఎంత పట్టించుకుందో చెప్పడానికి ఈ ఒక్క విషయం చాలు. చందా కోసం ఆడే ఆటకు చందా ఇవ్వగల ప్రేక్షకుడు కావాలి. అంచేత సింహళ యాత్ర కథ మనకు వినిపించినప్పుడల్లా అందులో థియేటర్లు, సన్మాన సభలు, ఇంగ్లీషు చదువుకున్న ఉన్నత కుటుంబాలు కనిపిస్తాయి. కాండీ చుట్టూ ఉన్న కొండలమీద తేయాకు కోస్తున్న దక్షిణ భారత కూలీల 'లైన్లు' కనిపించవు. వాళ్ళూ భారతదేశం నుంచి వెళ్ళినవాళ్ళే. కాని వాళ్ళను సాంస్కృతిక రాయబారులని ఎవరూ అనలేదు. 1948 పౌరసత్వ చట్టం వచ్చి వాళ్ళలో అత్యధికుల్ని ఏ దేశానికీ చెందనివాళ్ళుగా మార్చినప్పుడు సన్మాన సభల స్నేహం వాళ్ళను కాపాడలేదు.

తెలుగువాళ్ళం మరొక సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. శ్రీలంకలో అహికుంటికులనే సంచార జాతి ఉంది. పాములాడించడం, కోతులాడించడం, జోస్యం చెప్పడం వాళ్ళ వృత్తులు. వాళ్ళ ఇంటి భాష తెలుగు. ఏ ప్రభుత్వమూ పంపకుండానే ఏనాడో సముద్రం దాటిన తెలుగు కళాకారులు వాళ్ళు. మన సాంస్కృతిక వినిమయపు పట్టికలలో వాళ్ళ పేరు ఎక్కడుంది?

ఇన్ని పరిమితులున్నా 1934 యాత్రను వృథా అనలేం. కారణం, అది ప్రదర్శనతో ఆగిపోలేదు. ఆ పర్యటనలోనే ఠాగూర్ హొరణలో 'శ్రీపాళీ' అనే విద్యాలయానికి శంకుస్థాపన చేశాడు. శాంతినికేతన్ నమూనాలో పుట్టిన ఆ సంస్థ ఆవరణ నేడు కొలంబో విశ్వవిద్యాలయంలో భాగం. ఆ తర్వాత శిష్యుల రాకపోకలు మొదలయ్యాయి. శాంతినికేతన్ అధ్యాపకుడు శాంతిదేవ్ ఘోష్ సింహళం వెళ్ళి కాండీ నృత్యం నేర్చుకున్నాడు. గురువు స్థానంలో ఉన్నవాడు విద్యార్థిగా కూర్చున్నాడు. వినిమయం అనే మాటకు అర్థం అక్కడ దొరుకుతుంది. ఆ నృత్యాన్ని తరతరాలుగా నిలబెట్టినవాళ్ళు బెరవ కులస్థులు. డప్పుకొట్టేవాడిని వాకిట్లోనే నిలబెట్టిన మన సమాజానికి వాళ్ళ స్థితి వేరే చెప్పనక్కరలేదు.

అటునుంచి ఆనంద సమరకోన్ 1936లో శాంతినికేతన్ వచ్చాడు. కొద్దికాలమే ఉన్నాడు. తిరిగి వెళ్ళి సంగీతం బోధిస్తూ, సింహళంలో కొత్త పాటకు దారి తీశాడు. 1940లో రాసిన ఆయన 'నమో నమో మాతా' గీతం 1951లో జాతీయగీతమయింది. ఆ పాటను ఠాగూరే రాసి ఇచ్చాడనే మాట మన పత్రికలలో తరచు కనిపిస్తుంది. శిష్యుడు సాధించినదాన్ని గురువు ఖాతాలో జమ వేసే ఈ అలవాటు భూస్వామ్య సంస్కారం. పొరుగు దేశాన్ని మన నీడగా చూసే అహంకారం కూడా అందులో ఉంది. సమరకోన్‌కు తన పాట ఎంత ప్రాణమో చరిత్రే చెప్పింది. 1961లో ఆయన అంగీకారం లేకుండా పల్లవి మాటలు మార్చారు. 1962లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు.

ఎదిరివీర సరచ్చంద్ర ఉదాహరణ ఇంకా విలువైనది. ఆయన కూడా శాంతినికేతన్‌లో చదివాడు. 1955లో జపాన్ వెళ్ళి నో, కబుకి నాటకాలు చూశాడు. ఇంటికి తిరిగి వచ్చి కబుకిని సింహళంలో దించలేదు. తన దేశపు పల్లెల్లో అంతరించిపోతున్న 'నాడగం' వైపు తిరిగాడు. మన వీధినాటకానికి దూరపు చుట్టమైన ఆ రూపాన్ని తెలిసిన పల్లె గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. 1956లో పెరాదెనియ విశ్వవిద్యాలయ విద్యార్థులతో 'మనమే' నాటకం ఆడించాడు. ఆధునిక సింహళ నాటకరంగం ఆ నాటకం నుంచి దారి మళ్ళింది. పరదేశం ఆయనకు తన ఊరిని చూపించింది.

మరి మనం? రాయప్రోలు, బెజవాడ గోపాలరెడ్డి వంటివారు శాంతినికేతన్‌లో చదివి వచ్చారు. గీతాంజలికి చలంతో సహా ఎందరో తెలుగు చేశారు. అది చిన్న పని కాదు. కాని ఠాగూర్ నుంచి మనం ఎక్కువగా తెచ్చుకున్నది భావుకతనే. చెట్టుకింద బడిని, పల్లె కళాకారుడి ముందు కూర్చునే అధ్యాపకుణ్ణి తెచ్చుకున్నది తక్కువ. సింహళ రచయితలు బడిని కూడా తీసుకున్నారు. కాబట్టే వాళ్ళకు పాటా, నాటకమూ మిగిలాయి.

ఇక కొలత విషయం. విద్యార్థుల్ని పరదేశం తీసుకువెళ్ళే ఉపాధ్యాయుణ్ణి మూడు ప్రశ్నలు అడగాలి. అక్కడ ఎవరిని కలిశారు, పిలిచినవాళ్ళనా, పిలవలేనివాళ్ళనా? ఎవరి దగ్గర కూర్చుని ఏం నేర్చుకున్నారు? తిరిగి వచ్చాక మీ సొంత ఊళ్ళో ఇంతకుముందు కనిపించనిది ఏది కనిపించింది? మొదటి ప్రశ్న దగ్గర 1934 యాత్ర తప్పింది. మిగిలిన రెండింటిలో నెగ్గింది.

ఈ మాటలు నా మిత్రుడికి కూడా చెప్పాను. ఆయన కొంతసేపు ఆలోచించి, "అక్కడ మాకు రోజూ వండిపెట్టినామె ఏదో పాట పాడుకునేదండీ. పిల్లలు ఆవిడ చుట్టూ చేరేవాళ్ళు. ప్రోగ్రాం ఆలస్యమవుతుందని నేనే లాక్కొచ్చాను" అన్నాడు.

ఆ యాత్రలో వినిమయం జరగబోయింది అక్కడొక్కచోటే. ఆల్బంలో ఆమె ఫోటో లేదు.