ఓడ జాబితాలు, సంఘ రిజిస్టర్లు: ప్రవాస తెలుగువారిపై విద్యార్థుల పరిశోధన - ఒక విమర్శ

దక్షిణాసియా సంస్కృతిని, ప్రవాస సమాజాలను గూర్చి పరిశోధన చేయాలని మన బి.డి. విద్యార్థులు, డిగ్రీ విద్యార్థులు ఉత్సాహపడుతున్నారు. ఇది సంతోషించదగిన విషయం. అయితే ఈ కోవకు చెందిన వ్యాసాలు చదివినప్పుడు ఒక లోపం కనిపిస్తోంది. దానిని నిర్మొహమాటంగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ లోపానికి నేనూ మినహాయింపు కాదు గనుక నా మాటను విద్యార్థులు నిందగా తీసుకోరని నమ్ముతున్నాను.

సాధారణంగా మొదటి అధ్యాయం నిర్వచనాలకే సరిపోతుంది. విలియం సాఫ్రాన్ 1991లో చెప్పిన లక్షణాలు, రాబిన్ కోహెన్ 1997లో చేసిన వర్గీకరణ వరుసగా వస్తాయి. తరువాత విద్యార్థి నేరుగా అమెరికాలోని తెలుగువారి దగ్గరకు వెళ్లిపోతాడు. డయాస్పోరా అనే గ్రీకు మాట వేదాంత విద్యార్థికి కొత్తది కాదు. సెప్టువజింట్‌లో ఉంది, యాకోబు 1:1లో, 1 పేతురు 1:1లో ఉంది. మన తెలుగు బైబిలు దానిని చెదరినవారు అనే అర్థంలో తీసుకుంది. చెదిరిపోవడంలో నష్టం ఉంది, వెనుక మిగిలిపోయిన ఇల్లు ఉంది. విద్యార్థి వ్యాసంలో ఆ ఇల్లు కనబడదు.

నేటాల్ ఉదాహరణ

మన ప్రాంతానికి సంబంధించిన ఉదాహరణే చూద్దాం. మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అప్పటి నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వెళ్లారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుండి వెళ్లినవారే. తమిళులతోపాటు నెల్లూరు, గోదావరి, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారూ అందులో ఉన్నారు. మా తడ నుండి మద్రాసు ఎంతో దూరం కాదు.

స్వదేశానికి తిరిగి వెళ్లాలనే ఆశ ప్రవాసుల లక్షణమని సాఫ్రాన్ సూత్రం. విద్యార్థులు దీనిని మనసుకు సంబంధించిన విషయంగానే చూస్తారు. కాని 1895లో నేటాల్ ప్రభుత్వం ఒప్పందం ముగిసినా అక్కడే స్వేచ్ఛగా ఉండాలనుకునేవారిపై ఏటా 3 పౌండ్ల పన్ను విధించే చట్టం చేసింది. ఆ పన్ను 1914లో రద్దయింది. పన్ను కట్టలేక తిరిగి వచ్చినవానిని, మళ్లీ ఒప్పందంలో చేరినవానిని మాతృదేశ ప్రేమతో కొలవడం న్యాయమా? సిద్ధాంతాన్ని చరిత్ర ముందు నిలబెట్టి పరీక్షించాలి గాని, చరిత్రను సిద్ధాంతంలో ఇమడ్చకూడదు.

నేటాల్ వెళ్లిన తెలుగు క్రైస్తవులు తమకు కాపరి కావాలని కోరుకున్నారు. 1903లో తెలుగు బాప్తిస్టుల హోం మిషనరీ సొసైటీ నెల్లూరుకు చెందిన రెవ. జాన్ రంగయ్యగారిని అక్కడికి పంపింది. ఆ సంవత్సరాంతానికి కియర్స్‌నీ తేయాకు తోటలో సంఘం ఏర్పడింది. మిషనరీలను అందుకున్న సంఘంగానే మనం మనల్ని తలంచుకుంటాం. మనవారు సముద్రం దాటించి మిషనరీని పంపారనే సంగతి ఎంతమంది విద్యార్థులకు తెలుసు?

ఒకే గడిలో రెండు ప్రశ్నలు

ఈ చరిత్రకు ముఖ్యాధారం ఓడ జాబితాలు. ప్రయాణికుని పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, ఒంటిమీది గుర్తులు వాటిలో రాశారు. సురేంద్ర భానా 1991లో ప్రచురించిన గ్రంథం ఈ జాబితాల మీదనే ఆధారపడింది. అంతకు ముందే 1983లో జాయ్ బ్రెయిన్ నేటాల్‌లోని క్రైస్తవ భారతీయులపై పుస్తకం తెచ్చారు. ఇవి గౌరవించదగిన కృషులు.

అయితే విద్యార్థి ఒక సంగతి గమనించాలి. ఆ జాబితాలలో కులం రాసే గడిలోనే క్రైస్తవుడు, ముసల్మాను అనే మాటలు కూడా రాశారు. అంటే క్రైస్తవుడని రాసిన చోట అతని కులం తెలియదు. మాల అనో మాదిగ అనో రాసిన చోట అతని విశ్వాసం తెలియదు. బాప్తిస్మం పొందినవానిని కూడా గుమాస్తా కులం పేరుతోనే రాసుకొని ఉండవచ్చు. కాబట్టి క్రైస్తవుడనే మాట ఉన్న పేర్లను మాత్రమే లెక్కించి, ఇంతమందే క్రైస్తవులు వెళ్లారని తేల్చడం పొరపాటు.

దీనిని సరిచూడగల ఆధారం మన దగ్గరే ఉంది. పాత సంఘాల బాప్తిస్మ రిజిస్టర్లు, వివాహ రిజిస్టర్లే ఆ ఆధారం. బాప్తిస్మంలో పేరు మారి ఉండవచ్చు గనుక తండ్రి పేరు, ఊరు, వయస్సు పోల్చాలి. ఇంగ్లీషు గుమాస్తా వంకరగా రాసిన ఊరి పేరు ఏ ఊరో స్థానికుడే చెప్పగలడు. కొత్తపాళెం అనే పేరున్న ఊళ్లు మన వైపు ఎన్ని లేవు! డర్బన్‌లో ఉన్న పండితుడు చేయలేని ఈ పనిని నెల్లూరులోని డిగ్రీ విద్యార్థి సైకిలు మీద తిరిగి చేయగలడు. చిన్న పరిశోధనే అయినా ఇది ఎవరి నుండీ అరువు తెచ్చుకున్నది కాదు. ఈలోగా ఆ రిజిస్టర్లు చెదలు పట్టిపోతున్నాయి.

ఒక ఒప్పుకోలు

నా బి.డి. సిద్ధాంత వ్యాసం అమెరికాలోని తెలుగు సంఘాల ఆరాధన గురించి. అమెరికా చూడకుండానే గ్రంథాలయంలో కూర్చొని రాశాను. సేవలోకి వచ్చిన కొత్తలో మా సంఘంలోని ఒక వృద్ధురాలు, "మా తాత వాళ్ల అన్న నేటాలుకు పోయినాడంట అయ్యగారూ, మళ్లా కాగితం ముక్క రాలేదు" అన్నది. ప్రార్థన చేసి వచ్చేశాను. ఏ ఊరి నుండి, ఎవరితో వెళ్లాడని అడగాలని తోచలేదు. నోటుబుక్కు పట్టుకొని మళ్లీ వెళ్లేసరికి ఆమె ప్రభువునందు నిద్రించింది. నా వ్యాసానికి మంచి మార్కులే వచ్చాయి. ఆమెను అడగని ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ జవాబు లేదు.

2022లో తడ తిరుపతి జిల్లాలో చేరింది. దగ్గరలోని శ్రీసిటీ పరిశ్రమల్లో పని చేయడానికి ఇతర రాష్ట్రాల యువకులు వస్తున్నారు. వారిలో కొందరు ఆదివారం మా సంఘంలో వెనుక వరుసలో కూర్చుంటారు. వారు కూడా చెదరినవారే. అందుచేత మా సంఘ రిజిస్టరులో సొంత ఊరు, తండ్రి పేరు రాయడానికి వేరుగా గడులు గీయించాను. రేపు ఒడిశాలోనో బీహారులోనో ఒక విద్యార్థి తన ఊరివాని కోసం వెదుకుతూ ఇక్కడికి వస్తే, అతనికి చూపించడానికి మన దగ్గర ఒక పేజీ ఉండాలి. తోటి కాపరులు కూడా ఈ చిన్న పని చేయాలని, పాత రిజిస్టర్లను విద్యార్థుల ముందు తెరవాలని మనవి.