మొండి కణాలను పెంచే చేతులు

టామాక్సిఫెన్ మాత్రలతో నాలుగేళ్లు హాయిగా ఉన్న మనిషికి ఐదో ఏట రొమ్ము క్యాన్సర్ మళ్లీ తలెత్తితే ఇంట్లోవాళ్లు అడిగేది ఒక్కటే: అదే మందు ఇప్పుడెందుకు పనిచేయట్లేదు? నిజాంసాగర్ కాలువ కింద వరి వేసే మా వర్ని రైతు దీనికి జవాబు చెప్పగలడు. ఒకే మందు కొట్టీ కొట్టీ ఉంటే చావని సుడిదోమే మిగులుతుంది, దాని పిల్లలే తర్వాతి పంటను కమ్ముతాయి. గడ్డలోనూ జరిగేది అదే. కాకపోతే గడ్డలో మిగిలిన మొండి కణాలను మనిషి ఒంట్లో ఉండగా పరీక్షించలేం. అలాంటివాటిని ల్యాబులో తయారుచేసుకుని, కొత్త మందులను ముందు వాటిమీద ప్రయోగించాలి. ఆ తయారీ ఎంత గొప్ప పనితనమో మన పత్రికల్లో ఎవరూ రాయరు. మందు పేరు రాస్తారు, కంపెనీ పేరు రాస్తారు, కణాలు పెంచిన చేతుల ఊసే ఉండదు.

ఈ విద్యకు మూలపుటమ్మ ఎంసీఎఫ్-7 అనే సెల్ లైన్, అంటే ల్యాబులో తరతరాలుగా పెరిగే కణాల వంశం. అమెరికాలోని డెట్రాయిట్‌లో మిషిగన్ క్యాన్సర్ ఫౌండేషన్‌లో హెర్బర్ట్ సూల్ బృందం 1970లో ఓ క్రైస్తవ సన్యాసిని ఛాతీలో చేరిన నీటి నుంచి ఆ కణాలను తీసింది. ఆమె సిస్టర్ కేథరిన్ ఫ్రాన్సిస్, వయసు 69. ఆమె అదే ఏడాది కన్నుమూశారు. 7 అంటే ఏడో ప్రయత్నమని అంటారు. రొమ్ము క్యాన్సర్ కణాలను బయట బతికించడమే గగనమైన రోజుల్లో సూల్ సాధించిన ఆ కణాలు యాభై ఏళ్లు దాటినా పెరుగుతూనే ఉన్నాయి. ఈస్ట్రోజెన్ హార్మోనుకు స్పందించే గుణం వాటిలో ఉండబట్టే, దాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ ఎలా పనిచేస్తుందో, ఎందుకు ఓడిపోతుందో తెలుసుకునే దారి దొరికింది.

మందుకు లొంగని కణాలను తయారుచేయడమెలాగో హైదరాబాదులో ఈ పని చేస్తున్న మా ఊరి అమ్మాయి దగ్గర కూర్చుని చూశాను. ముందు మామూలు ఎంసీఎఫ్-7 కణాలకు మందు చాలా తక్కువ మోతాదులో ఇస్తారు. చాలావరకు చచ్చి పైకి తేలతాయి. ఆ తర్వాత కొన్ని వారాలు ఫ్లాస్కులో చెప్పుకోదగ్గదేమీ కనబడదు. అనుభవం లేనివాళ్లు ఇక్కడే విసిగిపోయి ఫ్లాస్కు పారేస్తారు. ఆమె మాత్రం రెండు మూడు రోజులకోసారి మందు కలిపిన కొత్త మీడియా (కణాలను పెంచే పోషక ద్రవం) పోస్తూ, మైక్రోస్కోపు కింద మూలమూలా వెతుకుతుంది. ఎక్కడో పది పన్నెండు కణాలు గుంపుగా అంటుకుని ఉంటాయి. అవి పెరిగి ఫ్లాస్కు నిండాక, అంటుకున్న కణాలను విడదీసే ట్రిప్సిన్ వేస్తుంది. చదునుగా పరుచుకున్న కణం అంచులు ముడుచుకుని గుండ్రమవడం, ఫ్లాస్కును అరచేత్తో తట్టగానే ఊడి కదలడం కళ్లారా చూశాను. ఒక్క నిమిషం ఎక్కువైతే కణాలు దెబ్బతింటాయి. ఆమె గడియారం వంక చూడనే లేదు! సరిగ్గా సమయానికి సీరం ఉన్న మీడియా పోసి ట్రిప్సిన్‌ను ఆపేసింది.

తర్వాత మోతాదు కొంచెం పెంచాలి. మళ్లీ చావులు, మళ్లీ ఎదురుచూపు. ఇలా ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పైన. పక్కనే మందు లేకుండా, మందును కరిగించే ఆల్కహాల్ మాత్రమే అంతే కొలతలో వేసిన తల్లి కణాలనూ అన్నాళ్లూ పెంచాలి, లేకపోతే మార్పు మందువల్ల వచ్చిందో కాలంవల్ల వచ్చిందో తేలదు. ప్రతి మెట్టులో కొన్నిటిని ద్రవ నైట్రోజన్‌లో దాచాలి. చివర్లో మందు ఆపి కొన్ని తరాలు పెంచి, మొండితనం నిలిచిందో లేదో చూడాలి. నిలవకపోతే కథ మళ్లీ మొదటికి. పెద్ద మోతాదు ఒకేసారి గుప్పించి వారాల్లో ముగించే పద్ధతినీ కొందరు మెచ్చుకుంటారు. నేను మాత్రం మెట్టుమెట్టుగా ఎక్కించేవాళ్ల పక్షం.

ఈ పనిలో మీడియాతోనూ ఒక చిక్కుంది. అది గులాబీ రంగులో ఉండేది ఫినాల్ రెడ్ వల్ల. ఆ రంగు కలిసిన మీడియా కొద్దిగా ఈస్ట్రోజెన్‌లా పనిచేసి ఎంసీఎఫ్-7ను పెంచుతోందని 1986లో కాట్జెనెలెన్‌బోగెన్ బృందం బయటపెట్టింది. అంతకుముందు టామాక్సిఫెన్ ప్రయోగాలు ఎన్నింటిని ఆ రంగు పక్కదారి పట్టించిందో! అందుకే తెలిసినవాళ్లు ఈ ప్రయోగాలకు రంగులేని మీడియా, బొగ్గుపొడితో హార్మోన్లు తీసేసిన సీరం వాడతారు.

తెలుగువాళ్లకు ఇందులో గర్వపడే వాటా ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ల్యాబుల్లో నడిపించిన పరిశోధనలోంచే మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు వచ్చింది, దాన్ని రొమ్ము క్యాన్సర్‌కూ వాడారు. ఆ మందుకే మెట్టుమెట్టుగా అలవాటుపడిన ఎలుక కణాల్లో రాబర్ట్ షిమ్కే బృందం 1978లో ఒక అద్భుతం చూసింది: మందు ఏ ఎంజైమును అడ్డుకుంటుందో దాని జీన్‌నే కణం పదులు, వందల ప్రతులుగా పెంచుకుంది. ఆ తర్వాత ఎంసీఎఫ్-7లోనూ అదే ఎత్తుగడ దొరికింది. ఓపిగ్గా పెంచిన కణాలు లేకుంటే ఈ సంగతి తెలిసేదా?

ఇక కడుపు మండే విషయానికి వస్తాను. ఎంసీఎఫ్-7/ఏడీఆర్ అని ఒక సెల్ లైన్. అడ్రియామైసిన్ అనే క్యాన్సర్ మందుకు లొంగని రొమ్ము క్యాన్సర్ కణాలని పేరు. 1998లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ చేసి చూస్తే అది ఎంసీఎఫ్-7 సంతానమే కాదని తేలింది. చివరికి అండాశయ క్యాన్సర్‌కు చెందిన ఓవీసీఏఆర్-8 కణాలని నిర్ధారించారు. అప్పటికే దాన్ని నమ్ముకుని వందల పరిశోధనపత్రాలు వెలువడ్డాయి. ఎన్ని ఏళ్లు, ఎంత డబ్బు, ఎంతమంది రోగుల ఆశ! పాఠం నేర్చుకున్నామా? నేను వెళ్లిన ఒక ల్యాబులో పక్క ల్యాబు నుంచి ఐసు డబ్బాలో తెచ్చిన కణాలమీదే పీహెచ్‌డీలు నడుస్తున్నాయి. ఎన్నో తరమో రాసిపెట్టలేదు, మైకోప్లాస్మా పరీక్ష లేదు. ఫ్లాస్కుమీద మార్కరుతో రాసిన పేరే ఆధారం. శాస్త్రవేత్త లాల్జీ సింగ్ సీసీఎంబీ పరిశోధనాసంస్థలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు దేశీయ పద్ధతి రూపొందించిన హైదరాబాదులో ఇలా జరగడం సిగ్గుచేటు. కణాల గుర్తింపుకు చేసే ఎస్‌టీఆర్ పరీక్షకు ఒక సీరం సీసాకయ్యే ఖర్చు కూడా అవదు.

గడ్డ ముక్కతోనే పెంచే ఆర్గనాయిడ్లు వచ్చాక ఫ్లాస్కు కణాలకు కాలం చెల్లిందని కుర్రకారు అంటోంది. కొంత నిజమే. చాలా ల్యాబులు వాడే మీడియాలో గ్లూకోజు మన షుగర్ పరీక్ష లెక్కలో 450. అలాంటిచోట పెరిగిన కణం ఒంట్లోని కణంలాగే నడుచుకుంటుందని ఎవరంటారు? అయినా వేల మందులను వడపోసే తొలి జల్లెడగా ఎంసీఎఫ్-7ను మించింది నాకు కనబడలేదు.

అసలు లోటు మరొకటి. పేరున్న రొమ్ము క్యాన్సర్ సెల్ లైన్లలో ఎక్కువ అమెరికా ఆడవాళ్లవే. ట్రాస్టుజుమాబ్ అనే రొమ్ము క్యాన్సర్ మందుకు లొంగని రోగి కణాల నుంచే ఫిన్లాండ్ వాళ్లు జేఐఎంటీ-1 అనే సెల్ లైన్‌ను నిలబెట్టారు. మనమూ ఆ పని చేయవచ్చు. వర్ని, బోధన్ పల్లెల నుంచి మన ఆడవాళ్లు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వస్తూనే ఉన్నారు, మందులు మార్చినా తగ్గనివాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్ల కణాలతో మన సెల్ లైన్లు నిలబెట్టే పని ఆసుపత్రులూ ల్యాబులూ కలిసి చేపట్టాలి. ఆ పనికి చేయి తిరిగినవాళ్లను రెండేళ్ల ప్రాజెక్టు ముగియగానే ఇంటికి పంపే పద్ధతి మానాలి. సిద్ధాంతగ్రంథం మీద సంతకం పెట్టే ప్రతి గైడూ ముందు కణాల ఎస్‌టీఆర్ రిపోర్టు అడగాలి. అది లేకపోతే సంతకం పెట్టకూడదు.